రాని రోజు కూడా రోజే

మా పాపకు తొమ్మిది నెలలు నిండగానే తీసుకెళ్లి, ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒకావిడ చేతుల్లో పెట్టాను. ఆ పొద్దున ఆవిడ నాకంటే ఎక్కువ భయపడింది. "జలుబేమైనా ఉందా అమ్మా? రాత్రి బాగా పడుకుందా? ఏడిస్తే ఏ భుజం మీద వేసుకోవాలి?" అని ఒకటే ప్రశ్నలు. ఏ భుజమో నాకే తెలియదు. ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం నాది. సెలవు అయిపోయింది, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. అందుకే గుండె రాయి చేసుకుని మెట్లు దిగిపోయాను.

ఆవిడను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. చెల్లెలు చనిపోతే ఆ చెల్లెలి కూతుర్ని ఆవిడే పెంచింది. ఆ అమ్మాయి పిలిచే పిలుపు ఇంటికొచ్చే పిల్లలందరికీ అంటుకుంది, పిల్లల నుంచి మాకూ అంటుకుంది. భర్త దూరపు ఊళ్లకు బస్సు నడిపేవాడు. రెండు రోజులు రోడ్డు మీద ఉంటే ఒక రోజు ఇంట్లో, ఆ ఒక్క రోజూ నిద్రలో. సొంత పిల్లలు లేరు. ఒక బడిలో పదకొండేళ్లు ఆయాగా చేసి, ఆ బడి మూతపడ్డాక ఇంట్లోనే పిల్లల్ని చూసుకోవడం మొదలుపెట్టింది.

మూడంతస్తుల భవనంలో రెండో అంతస్తు ఆవిడది. ముందు గదిలో చాపలు, గోడ వారగా మడత పరుపులు, కిటికీలకు వల. వంటగది గుమ్మానికి మోకాలెత్తున అడ్డంగా ఒక చెక్క బిగించింది, పాకే పిల్లలు లోపలికి రాకుండా. ఆ చెక్క దాటబోయి ఆవిడే రెండుసార్లు పడింది. గుమ్మం బయట చిన్న చిన్న చెప్పులు, బూట్లు, మొనలు గోడవైపు తిప్పి వరసగా ఉండేవి. మాటలు రాని పిల్లలకు కూడా ఆ వరస పెట్టడం నేర్పింది.

ఆవిడ పిరికిది. ఈ మాట నేను తక్కువ చేసి అనడం లేదు, ఆవిడే చెప్పుకునేది. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడేది. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చునేది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, ఆవిడ మాట గొంతులోనే ఉండిపోయేది. మేం తల్లిదండ్రులం ఆ మెత్తదనాన్ని ఎలా వాడుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. పాపకు జ్వరమొచ్చి వారం పంపకపోతే ఆ వారం డబ్బులు కోసుకుని ఇచ్చేదాన్ని. కవల పిల్లల నాన్న బ్యాంకులో క్యాషియరు. ఆయన ఆదివారాలతో సహా లెక్కవేసి మరీ కోసేవాడు. పంపని రోజు పంపడం లేదని చెప్పే అలవాటు మాలో ఒక్కరికీ లేదు. ఆవిడ అన్నిటికీ "సరేనమ్మా" అనేది. గట్టిగా అంటే పిల్లల్ని మానిపిస్తారని భయం. వచ్చిన రోజులకే డబ్బు కాబట్టి నెల గడవడానికి ఐదుగురిని చూడగలిగినచోట ఎనిమిది మందిని ఒప్పుకుంది. రోజూ ఐదుగురో ఆరుగురో వచ్చేవాళ్లు. ఎవరు వస్తారో తొమ్మిదిన్నర దాటితే గానీ తెలిసేది కాదు.

ఆ ఎనిమిది మందిలో ఒక నాలుగేళ్ల పాప ఉండేది. ఒక్కచోట నిలవదు, ఏది దొరికినా బుగ్గలో దాచుకుంటుంది, అందుకని పెద్దమ్మ ఉడత అనేది. ఉడత వాళ్ల నాన్న మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే మనిషి. చెవిలో ఎప్పుడూ ఫోనే. ఒకసారి ఉడత రెండు రోజులు రాకపోతే పెద్దమ్మ ధైర్యం చేసి ఆయనకు ఫోన్ చేసింది. "పంపలేదంటే రావట్లేదనే కదండీ అర్థం! మీటింగులో ఉన్నాను, దీనికి కూడా ఫోన్ ఎందుకు?" అన్నాడాయన. ఆ తర్వాత ఆవిడ ఎవరికీ ఫోన్ చేయలేదు.

మా పాపకు మూడో ఏడు నడుస్తుండగా, ఒక సోమవారం ఉడత రాలేదు. ఏ అమ్మమ్మో వచ్చి ఉంటుంది అనుకుంది పెద్దమ్మ. గదిలో ఐదుగురు: మా పాప, కవలలు, మాటలు రాని ఒక బాబు, ఏడాది నిండని ఒక బొద్దు పిల్ల. పదకొండూ నలభైకి పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఫోన్ మోగింది. ఉడత వాళ్ల అమ్మ.

"పెద్దమ్మా, దగ్గు మందు సంచిలో పెట్టాను. అన్నం తిన్నాక వేస్తారా?"

"పాప ఇవాళ రాలేదు కదమ్మా."

ఉడత వాళ్ల అమ్మ చాలా నెమ్మదిగా అంది. "అదేంటి పెద్దమ్మా? తొమ్మిదింటికి వాళ్ల నాన్న దింపి వెళ్లారు."

ఫోన్ ఎక్కడ పెట్టిందో ఆవిడకు గుర్తు లేదు. గుమ్మం దాకా పరుగెత్తి టక్కున ఆగిపోయింది. వెనక ఐదుగురు పిల్లలు, పొయ్యి మీద అన్నం. ఎవరిని వదిలి ఎవరి కోసం వెళ్లాలి? తర్వాత నాతో అంది: "కాళ్లు రెండూ రెండు వైపులకి లాగేశాయమ్మా. గుమ్మంలోనే చీలిపోతాననుకున్నాను."

పొయ్యి ఆర్పేసింది. కిటికీ దగ్గరికి వెళ్లి కింద కొట్లో ఉండే టైలర్ మాస్టారిని కేకేసింది. ఆ కేక విని వీధి అవతల వాళ్లు కూడా తలెత్తి చూశారట. అన్నేళ్లలో ఆవిడ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. మాస్టారు మెడలో టేపుతోనే బయటికొచ్చాడు.

"ఏమైందమ్మా?"

"ఉడత కనపడట్లేదు మాస్టారూ! పొద్దున్న గేటు దగ్గర దింపారంట. పైకి రాలేదు!"

ఆయన వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా పరుగెత్తి, పాలకొట్టులో, మందులషాపులో, సైకిళ్లు బాగుచేసే చోట అడిగాడు. ఎవరూ చూడలేదు. ఈలోపు ఆవిడ బొద్దు పిల్లను ఒక చంకన, మాటలు రాని బాబును ఇంకో చంకన ఎత్తుకుంది. ఒక పొడుగాటి తువ్వాలు నడుముకు కట్టుకుని, దాని కొస మిగిలిన ముగ్గురి చేతికిచ్చింది. "ఎవరూ వదలకూడదు. రైలు ఆట. వదిలితే అవుటు" అంది. ఏడుపు దిగమింగుకుంటూ రైలు కూత కూడా వేసింది. అలా మెట్లు దిగింది.

మెట్ల కింద నేలలో నీళ్ల సంపు ఉంది. ఆ పొద్దునే ఎవరో కడగడానికి వచ్చి, ఇనుప మూత సగం జరిపి వదిలేసి వెళ్లారు.

ఆ సగం చీకటిని చూడగానే ఆవిడ పిల్లలతో సహా కింద కూలబడిపోయింది. అప్పటికి మాస్టారు వీధిలోంచి తిరిగొచ్చాడు.

"మాస్టారూ, మీరు చూడండి. నేను చూడలేను."

మాస్టారు బోర్లా పడుకుని ఫోన్ లైటు లోపలికి వేశాడు. గుడ్డ కొలిచే గజం కర్ర తెచ్చి నీళ్లలో నాలుగు మూలలా కదిపాడు. ఆ కర్ర అడుగున సిమెంటుకు తగిలిన ప్రతిసారీ ఆవిడ కళ్లు మూసుకుంది.

"ఏమీ లేదమ్మా."

"మళ్లీ చూడండి."

"చూశానమ్మా, ఖాళీ."

"ఆ మూల చూడలేదు మీరు. మళ్లీ చూడండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను."

ఆయన మళ్లీ చూశాడు. నిజంగానే ఏమీ లేదు. ఆ ఒక్క క్షణం ఆవిడకు ఊపిరి అందింది. మరుక్షణం, సంపులో లేకపోతే మరెక్కడుంది అన్న ఆలోచన వచ్చింది. అది ఇంకా పెద్ద గొయ్యి. వీధి వెతికారు, కింద వెతికారు. ఇక మిగిలింది డాబా. డాబా మీద నీళ్ల ట్యాంకు.

పిల్లల రైలును మళ్లీ లేపి ఎక్కడం మొదలుపెట్టింది. రెండో అంతస్తు, తన గుమ్మం దాటింది. మూడో అంతస్తు వాటా నెల రోజులుగా ఖాళీ, లోపల రంగులు వేస్తున్నారు. తలుపు బయట రంగు మరకల గుడ్డలు, ఖాళీ డబ్బాలు, చీపురు. ఆ చెత్త పక్కన రెండు చిన్న ఎర్ర బూట్లు ఉన్నాయి. మొనలు గోడవైపు తిప్పి, ఒకదాని పక్కన ఒకటి.

ఉడత ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేసిందన్న మాట. రోజూ నాన్న చెయ్యి పట్టుకుని వచ్చే పిల్లకు ఎన్ని మెట్లో ఏం తెలుసు? తలుపు తెరిచి ఉంది, పెద్దమ్మ ఇల్లే అనుకుంది, నేర్పినట్టే బూట్లు విప్పి పెట్టి లోపలికి వెళ్లింది. రంగులవాళ్లు లోపలి గదిలో గోడలు గీకే మెషిన్ నడుపుతున్నారు, చూడలేదు. ఈ పిల్ల నేరుగా వెనక బాల్కనీలోకి వెళ్లింది. దుమ్ము పోకుండా వాళ్లు బాల్కనీ తలుపు గడియ పెట్టారు. పదింటికి వేరే పని మీద వెళ్తూ వీధి తలుపు కూడా బయట గడియ పెట్టుకుని వెళ్లిపోయారు. బూట్లు చూశారట, కింది పిల్లలవి అనుకున్నారట.

వెనకే ఎక్కి వచ్చిన మాస్టారు గడియలు తీశాడు. బాల్కనీలో, ఎర్రటి ఎండలో, రెండు రంగు డ్రమ్ముల సందున ఉడత ముడుచుకుని కూర్చుని ఉంది. డబ్బాలో అన్నం సగం తినేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"పెద్దమ్మా, ఎంత కొట్టినా నువ్వు తలుపు తియ్యలేదు" అంది.

ఆవిడ పిల్లను హత్తుకుంటూ పక్కనున్న డ్రమ్ము వైపు చూసింది. అది పిట్టగోడకు ఆనుకుని ఉంది. దాని మూత మీద దుమ్ములో రెండు చిన్న పాదాల గుర్తులు. కిందికి చూడటానికి ఎక్కిందన్న మాట. ఎక్కి, ఎందుకో దిగింది. ఎందుకు దిగిందో ఎవరికీ తెలియదు. ఆ గుర్తులు చూసినప్పుడు మాస్టారు కూడా గోడకు ఆనుకుని నిలబడిపోయాడట.

సాయంత్రం నేను వెళ్లేసరికి ఉడత వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడి అరుస్తున్నాడు. "పిల్ల రాకపోతే ఒక ఫోన్ చెయ్యరా? ఇంత బాధ్యత లేదా?" అంటున్నాడు. ఆయనదీ భయమే, కోపంగా బయటికొస్తోంది. గేటు దగ్గర ఫోన్ వచ్చిందని, "నువ్వు పైకి వెళ్లిపో తల్లీ" అన్నానని, నాలుగు మెట్లు ఎక్కడం చూసి బండి తిప్పేశానని అప్పటికే భార్యకు చెప్పాడట. ఫోన్ ఎందుకు చేస్తావని కసిరింది మీరే కదా అని పెద్దమ్మ ఒక్క మాట అనొచ్చు. అనలేదు. తల దించుకుని నిలబడింది. నేనూ ఆవిడ పక్కన నిలబడకుండా పాపను ఎత్తుకుని వచ్చేశాను.

మర్నాడు ఆవిడకు జ్వరం. మూడో రోజు మా అందరికీ ఒకే మాట చెప్పింది: "నెలాఖరుకి మానేస్తున్నానమ్మా. వేరే చోటు చూసుకోండి. నావల్ల కాదు."

మూడు చోట్ల అడిగాను. ఒక చోట ముప్పై మంది పిల్లలకు ఇద్దరు ఆయాలు. ఇంకో చోట గది తలుపుకు తాళం వేసి ఉంచుతారు. ల్యాబులో సూది పట్టుకుని కూడా, పాపను ఎక్కడ వదలాలా అని భయపడేదాన్ని. ఆవిడ ఎన్నేళ్లుగా ఇలా బతుకుతోందో అప్పుడు కొంచెం అర్థమైంది.

శనివారం చెల్లెలి కూతురు వచ్చింది. ఊరి ఆ చివర హాస్టల్లో ఉంటూ కొరియర్ ఆఫీసులో పనిచేసే ఇరవై రెండేళ్ల పిల్ల, మాట కత్తెర. నేను పాపను తీసుకెళ్లడానికి వెళ్లేసరికి ఇద్దరూ చాప మీద కూర్చుని ఉన్నారు.

"మానేసి ఏం చేస్తావు? ఇంట్లో కూర్చుని కుక్కర్‌కి భయపడతావా?" అంటోంది ఆ అమ్మాయి.

"నువ్వు ఆ డ్రమ్ము చూడలేదే. కళ్లు మూస్తే అదే కనపడుతోంది."

"సరే, దేనికి భయమో ఒక్కొక్కటీ చెప్పు. రాస్తాను."

"రాస్తే పోతుందా?"

"పోదు. కానీ అవతలివాళ్లకి తెలుస్తుంది. ఇన్నాళ్లూ నీ కడుపులో పెట్టుకున్నావు, ఎవరికి తెలిసింది?"

పెద్దమ్మ నా వైపు చూసి ఆగిపోయింది. నేను వెళ్లిపోవాల్సింది, కానీ నేనూ చాప మీద కూర్చున్నాను. ఆవిడ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. పిల్ల వస్తుందో రాదో తెలియకపోతే భయం. గేటు దగ్గర వదిలేస్తే భయం. ఫోన్ చేస్తే తిడతారేమోనని భయం. ఎనిమిది మందీ ఒకే రోజు వచ్చేస్తే భయం, ఎవరూ రాకపోయినా భయం. అన్నిటికంటే, ఏదైనా జరిగితే గదిలో పిల్లల్ని వదిలి కదల్లేకపోవడం భయం. ఆ అమ్మాయి తల ఎత్తకుండా రాసింది. రాత్రి కూర్చుని వాటినే కాగితం మీద నియమాలుగా మార్చింది.

మానేసే మాట పక్కన పెట్టి, ఆదివారం సాయంత్రం అందరినీ పిలిచారు. ఉడత వాళ్ల అమ్మ ఒక్కతే వచ్చింది. క్యాషియరు పిల్లల ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు, లేస్తే కుర్చీ కూడా లేచేట్టుంది. పెద్దమ్మ నిలబడి చదివింది.

పిల్లను గుమ్మం దాకా తెచ్చి చేతికి చెయ్యి అందించాలి. పంపకపోతే ఎనిమిదిన్నరలోపు చెప్పాలి. కబురు లేకుండా తొమ్మిదింబావు దాటితే అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ ఫోన్ చేస్తాను, విసుక్కోకూడదు. జ్వరం ఉంటే పంపకూడదు. ఇక ఐదుగురే పిల్లలు. నెల డబ్బు ఐదో తేదీలోపు ముందుగా ఇవ్వాలి. రాని రోజులకు కోత లేదు. పదిహేను రోజులకు మించి ఊరెళ్తే, వారం ముందు చెబితే, ఆ రోజులకు సగం. నాకు జబ్బు చేసి చూడలేని రోజులకు మాత్రం మీరు కోసుకోండి.

చివర డబ్బు సంగతి మాత్రం ఆవిడ తల ఎత్తకుండా గబగబా చదివేసింది.

క్యాషియరే మొదలుపెట్టాడు. "మిగతావన్నీ బాగున్నాయి పెద్దమ్మా. కానీ రాని రోజుకి డబ్బేంటి? ఎక్కని బస్సుకి టికెట్టు కొంటామా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నిజం చెప్పాలంటే నా మనసులో ఉన్నదీ అదే. చెల్లెలి కూతురు నోరు తెరవబోయింది. "నువ్వుండు" అంది పెద్దమ్మ. కాగితం మడిచి రెండు చేతులతో పట్టుకుంది.

"ఆ సోమవారం ఉడత రాని రోజు అనుకున్నాను బాబూ. రాని పిల్లకి డబ్బు లేదు, అందుకని రాని పిల్ల సంగతి నాకెందుకని నేననుకున్నాను, చెప్పే పనేముందని మీరనుకున్నారు. రెండున్నర గంటలు ఆ పిల్ల ఎవరి లెక్కలోనూ లేదు. పైన గోడ పక్కన కూర్చుంది." క్యాషియరు వైపు తిరిగింది. "రాని రోజు కూడా నా దగ్గర రోజే. వస్తుందా రాదా అని చూస్తాను, కనుక్కుంటాను, చాప ఖాళీగా ఉంచుతాను. మీరు కొయ్యకుండా ఇస్తే ఇంకో మనిషిని పెట్టుకోగలను. ఆ రోజు నాకు ఇంకో రెండు చేతులు లేవు. ఉంటే ఎప్పుడో దొరికేది. ఇష్టం లేకపోతే మానిపించండి. నాకు భయంగానే ఉంది, మీరందరూ మానేస్తారని. అయినా ఇలాగే చేస్తాను."

ఉడత వాళ్ల అమ్మ లేచి వెళ్లి, కాగితం తీసుకుని కిటికీ గట్టు మీద పెట్టి సంతకం చేసింది. తర్వాత నేను చేశాను. క్యాషియరు "ఆలోచించి చెప్తాం" అన్నాడు. మిగతావాళ్లు ఏదీ తేల్చకుండానే వెళ్లిపోయారు.

సోమవారం ఎనిమిదింటికి నేను పాపను తీసుకెళ్లేసరికి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో. "మీరొక్కరే వచ్చేట్టున్నారమ్మా" అంది. నాకు డ్యూటీ టైము దాటుతోంది, అయినా ఎనిమిదిన్నర దాకా ఆగాను. మాటలు రాని బాబు వచ్చాడు. బొద్దు పిల్ల వాళ్లు ఫోన్ చేసి ఇవాళ పంపడం లేదని చెప్పారు. ఆ ఫోన్ పెట్టేసి ఆవిడ ఏడ్చేసింది. ఉడత రాలేదు, ఆ వారమంతా రాలేదు. రోజూ ఎనిమిదింబావుకి వాళ్ల అమ్మ ఫోన్ మాత్రం వచ్చేది. తర్వాతి సోమవారం నాన్నే ఎత్తుకుని గుమ్మం దాకా తెచ్చాడు. పిల్లను చేతికిచ్చి, తన వేలు పట్టుకున్న పిల్ల తనంతట తాను వదిలేదాకా లాక్కోకుండా నిలబడ్డాడు.

కవలలు, ఇంకో ఇద్దరు పిల్లలు మానేశారు. నెలన్నర తర్వాత క్యాషియరు తిరిగొచ్చి అడిగాడు గానీ, ఉన్న ఐదు చోట్లలో ఒకటే ఖాళీ, వాళ్లు ఇద్దరు. "వద్దు బాబూ, ఐదుగురే" అంది పెద్దమ్మ. అన్న తర్వాత లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగింది. సాయానికి మాస్టారి మరదలు కుదిరింది, బలమైన మనిషి, నవ్వుతూ పనిచేసేది. సంపు మూతకు తాళం పడింది.

ఉడత చాలా నెలలు మూసిన తలుపు చూస్తే ఏడ్చేది. వంటగది, వీధి గుమ్మం తప్ప ఆ ఇంట్లో ఏ తలుపూ వేసేవాళ్లు కాదు, స్నానాలగదిది కూడా.

ఒకసారి మాత్రం నేనే తప్పు చేశాను. పాపకు ఒళ్లు వెచ్చగా ఉందని, ఊరి నుంచి వచ్చి ఉన్న మా ఆడపడుచు దగ్గర వదిలి, చెప్పడం మరిచి ల్యాబుకి వెళ్లిపోయాను. తొమ్మిదీ పదహారుకి ఫోన్ మోగింది.

"పాప ఎక్కడుందమ్మా?"

"ఇంట్లోనే ఉంది పెద్దమ్మా, క్షమించండి, మర్చిపోయాను."

"కళ్లారా చూసినవాళ్లెవరు?"

"మా ఆడపడుచు."

"ఆమెకి ఒక్కసారి ఫోన్ చేసి, కనుక్కుని నాకు చెప్పమ్మా. నేను ఇక్కడే కూర్చుని ఉంటాను."

నాకు విసుగొచ్చింది. అయినా చేశాను. ఆడపడుచు ఫోన్ ఎత్తడానికి ఐదు సార్లు మోగింది. ఆ ఐదు మోతల్లో నా గుండె ఎక్కడెక్కడికో వెళ్లొచ్చింది. పాప పడుకుని ఉంది. ఆ మాట పెద్దమ్మకు చెప్పాను.

"హమ్మయ్య" అంది ఆవిడ. "ఇక పని చూసుకోమ్మా."